ఈశాన్యం వెతుక్కుంటూ నాటాల్ వెళ్ళాను

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు, పరాయి దేశంలో ఇల్లు అద్దెకు వెతికి చూడు అని ఇంకొక ముక్క కూడా అనుంటే నేను అంత దూరం వెళ్ళి నవ్వులపాలు అయ్యేవాణ్ణి కాదు. తిరిగొచ్చి పదిరోజులైంది. ముందుముందు అటు వెళ్ళేవాళ్ళకు పనికొస్తుందేమోనని రాస్తున్నాను. పనికి రాకపోతే కాసేపు నవ్వుకుంటారు, అదీ మంచిదే.

నేను పశ్చిమ గోదావరిలో ఒక చక్కెర ఫ్యాక్టరీలో కెమిస్టుని. పదిహేడేళ్ళు చెరుకు రసం మరిగించిన అనుభవం చూసి, దక్షిణాఫ్రికా నాటాల్ ప్రాంతంలో డర్బన్‌కు ఉత్తరంగా ఉన్న ఒక మిల్లు వాళ్ళు ఉద్యోగం ఇస్తామన్నారు. నా మొదటి పాస్‌పోర్టులో ఆ దేశానికి ఇది చెల్లదని అచ్చువేసి ఉండేది. అక్కడ అందరూ ఓటేసి కొత్త ప్రభుత్వం వచ్చి అప్పటికి రెండేళ్ళయింది. మిల్లువాళ్ళు నాకొక గది ఇస్తారట, కుటుంబానికి ఇల్లు మాత్రం మేమే వెతుక్కోవాలట.

మా ఆవిడ విజయ హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. మాకు ఒక్కతే పాప, బడికి వెళ్తుంది. మా మామగారు ఓడల మీద పనిచేసేవారు. చిన్నప్పుడు ఆవిడ తండ్రిని ఏడాదికొకసారి చూసేది, అదీ గుర్తుపట్టడానికి రెండు రోజులు పట్టేదట. అందుకని ఒకే మాట చెప్పింది. "ఇల్లు దొరికితే ముగ్గురం వెళదాం. దొరక్కపోతే ముగ్గురం ఇక్కడే ఉందాం. మీరక్కడ, మేమిక్కడ అన్న మాట మాత్రం నా దగ్గర ఎత్తకండి." నాకు దొరికిన సెలవు పన్నెండు రోజులు. ఆ పన్నెండు రోజుల్లో ఇల్లు చూస్తే ఉద్యోగం, లేకపోతే లేదు.

నా గురించి ఇంకొక సంగతి చెప్పాలి. మా కాలనీలో నాకు వాస్తు తెలుసునని పేరు. పేరు నేనే తెచ్చుకున్నాను, ఎవరూ ఇవ్వలేదు. ఎవరైనా పునాది తవ్వుతుంటే పిలవకపోయినా వెళ్ళి నిలబడేవాణ్ణి. నా మాట విని మెట్లు పడగొట్టుకున్నవాళ్ళు ఇద్దరున్నారు, ఇప్పటికీ వాళ్ళు నాతో సరిగ్గా మాట్లాడరు. అలాంటి నేను పెట్టెలో రెండు జతల బట్టలు, ఆవకాయ సీసా, గొడుగు, విజయవాడలో కొన్న దిక్సూచి పెట్టుకుని బయలుదేరాను.

ఆషర్‌విల్

డర్బన్‌లో మొదటి మజిలీ ఆషర్‌విల్. మనవాళ్ళ పేట. గుమ్మాల ముందు తులసికోటలు, కిటికీలకు ఇనుప ఊచలు, ప్రతి గేటు వెనకా ఒక కుక్క. నేను దిగిన గది కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. రోజూ పొద్దున్నా, సాయంత్రమూ ముసురు. ఈ రెండు విషయాలూ ఎందుకు చెబుతున్నానో తరవాత మీకే అర్థమవుతుంది.

మొదటిరోజు మధ్యాహ్నం పక్క వీధి కొట్లో బన్నీ తిన్నాను. పావు రొట్టె లోపలి మెత్తటి భాగం తవ్వి తీసి, ఆ గుంటలో చిక్కుడుగింజల కూర పోసి ఇస్తారు. ఆరు రాండ్లు, అంటే మన యాభై రూపాయలకు కాస్త తక్కువ. నేను దర్జాగా ప్లేటూ చెంచా అడిగాను. కొట్లో ఉన్నవాళ్ళంతా నా వైపు చూశారు. ఒకాయన తన రొట్టె ముక్క విరిచి కూరలో ముంచి, ఇలా అన్నట్టు చూపించాడు. మన దేశం నుంచి వెళ్ళినవాడికి చేత్తో తినడం డర్బన్‌లో నేర్పించాల్సి వచ్చింది.

ఇళ్ళు చూపించే ఏజెంటు మిసెస్ పిళ్ళై. యాభై ఏళ్ళుంటాయి, చిన్న కారు నడుపుతుంది, ముత్తాత కాలంలోనే తమిళం పోయి ఇంగ్లీషే మాట్లాడుతుంది. రోజూ పదకొండున్నరకు వచ్చేది. మొదటి ఇంటి ముందు నేను దిక్సూచి తీశాను. సూది ఒకపక్కకు ఒరిగి, అడుగున గీసుకుంటూ ఆగిపోయింది. తట్టాను, ఊపాను, కదల్లేదు. విమానంలో పెట్టె విసిరేసి పాడుచేశారనుకున్నాను.

"దారి తప్పామా మిస్టర్ రావ్?" అంది మిసెస్ పిళ్ళై.

"లేదు, దిక్కు చూస్తున్నాను," అన్నాను. సూది లేకపోతే నాకేం, నేను పాతకాలం మనిషిని. గొడుగు నేలమీద నిలబెట్టాను. మిట్టమధ్యాహ్నం నీడ ఉత్తరానికి పడుతుంది. ఈమాత్రం మా ఊళ్ళో గేదెలు కాసేవాళ్ళకూ తెలుసు. ఆ నీడను బట్టి మిగతా మూడు దిక్కులూ లెక్కకట్టి, ఆ ఇంటి మెట్లు ఈశాన్యంలో ఉన్నాయని తేల్చి వద్దన్నాను. ఆవిడ గొడుగు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి కారెక్కింది. అలా నాలుగు రోజుల్లో అయిదిళ్ళు వద్దన్నాను.

ఉమ్‌హ్లాలి

అయిదోరోజు ఉమ్‌హ్లాలి వెళ్ళాం. డర్బన్ నుంచి ఉత్తరంగా గంట ప్రయాణం. గుట్టలన్నీ చెరుకే. మా జిల్లాలో చెరుకు బల్లపరుపుగా ఉంటుంది, అక్కడ ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. ఆ ఇల్లు చూడగానే మనసు లాగింది. రెండు పడకగదులు, పెరట్లో జామచెట్టు, నడిచి వెళ్ళేంత దూరంలో బడి, మిల్లుకు బస్సు. అద్దె వెయ్యి రాండ్లు. విజయ ఇక్కడ ఉంటే బాగుంటుందని మొదటిసారి అనిపించింది.

"నార్త్ ఫేసింగ్," అంది మిసెస్ పిళ్ళై, ఆ మాట చెబితే ఇంక బేరం అయిపోయినట్టే అన్న ధీమాతో. "ఏడాది పొడుగునా ఇంట్లోకి ఎండ వస్తుంది."

ఉత్తరముఖం అంటే కుబేరస్థానం. సంతోషంగా గొడుగు నిలబెట్టాను. నీడ ఇంటి వైపు పడింది. అంటే ఉత్తరం ఇంటి వెనక ఉంది, ఇల్లు చూసేది దక్షిణానికి, యముడి వైపు. ఈవిడ నన్ను అమాయకుణ్ణి చేసి ఇల్లు అంటగట్టజూస్తోందని నాకు ఒళ్ళు మండిపోయింది. బండ మీద సుద్దముక్కతో నీడ గీత గీసి, భూమి, సూర్యుడు, శాస్త్రం అన్నీ కలిపి ఆవిడకు పావుగంట పాఠం చెప్పాను. ఆవిడ చేతిసంచీ పట్టుకుని ఎండలో నిలబడి చివరిదాకా వింది. "మీరెలా అంటే అలాగే," అంది.

ఎందుకైనా మంచిదని, అక్కడ కాపలా ఉన్న జులూ పెద్దాయన్ని అడిగాను, సూర్యుడు ఎటు లేస్తాడని. ఆయన ముందు "సావుబోనా" అన్నాడు, నేను బాగున్నానా అని అడిగాడు, తను బాగున్నానని చెప్పాడు. అక్కడ ఏ మాటకైనా ముందు పలకరింపు ఉండాలి, అది లేకుండా ప్రశ్న వేస్తే గుళ్ళోకి చెప్పులతో దూసుకెళ్ళినట్టే. పలకరింపులు అయ్యాక చెయ్యెత్తి ఒక వైపు చూపించాడు. నా లెక్క ప్రకారం అది పడమర. పాపం పెద్దాయనకు నా ఇంగ్లీషు అర్థం కాలేదనుకున్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అని ఊరికే అనలేదు.

ఆ ఇల్లు మర్నాడే వేరేవాళ్ళకు పోయింది. ఇంకో రెండిళ్ళు కూడా వద్దన్నాక, ఎనిమిదో రోజుకు మిసెస్ పిళ్ళై మర్యాదగా చెప్పేసింది. "నా దగ్గర ఉన్నవన్నీ చూపించాను మిస్టర్ రావ్. మీరు మీ దేవుణ్ణే అడగాలి."

డార్నల్

చేసేది లేక మిల్లువాళ్ళ గదికి మారి, తొమ్మిదో రోజు నుంచి ఆ మిల్లు ఉన్న డార్నల్ వీధుల్లో కాళ్ళీడ్చుకుంటూ సొంతంగా వెతకడం మొదలుపెట్టాను. చిన్న ఊరు. చక్కెర మిల్లు పొగగొట్టం, గాలిలో మడ్డి వాసన. ఆ వాసన ఒక్కటే నాకు అచ్చం మా ఊరిలా తోచింది. ఆకలేసి ఒక టీ కొట్లోకి వెళ్ళి, అద్దాల పెట్టెలో ఉన్న వడలు చూసి ఆశ్చర్యంలో "గారెలు" అని పైకే అనేశాను.

కౌంటర్ వెనక ఉన్నావిడ చేస్తున్న పని ఆపింది. "నువ్వు ఎవురు?" అంది. అదీ తెలుగులో.

ఆవిడ పేరు లచ్చమి. ఊళ్ళో అందరికీ లచ్చమి ఆంటీ. అరవైకి దగ్గర పడింది. ముత్తాతలు విశాఖపట్నం వైపు పల్లెల నుంచి చెరుకు నరకడానికి ఓడెక్కి వచ్చారట. భర్త పాపయ్య అంకుల్ మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆవిడకు మిగిలిన తెలుగు చారెడు. "మా అవ్వ తిట్లన్నీ వచ్చు, మాటలే రావు," అని ఇంగ్లీషులో చెప్పి నవ్వింది. ఇకమీద ఆవిడ ఇంగ్లీషును నా తెలుగులోనే రాస్తాను, ఆవిడ తెలుగును ఆవిడ అన్నట్టే రాస్తాను.

ఇంటి కోసం తిరుగుతున్నానని చెబితే, కొట్టు వెనక తమ ఇంటి పెరట్లోనే రెండు గదులూ వంటిల్లూ ఉన్న వెనకిల్లు ఖాళీగా ఉందని చెప్పింది. చూపించమన్నాను. "కూకో. ముందర బువ్వ తిను. తరవాత ఇల్లు," అంది. అన్నం, తోటకూర పప్పు, పచ్చిమిరపకాయ ఊరగాయ. ఆకుకూరలన్నిటినీ అక్కడ హెర్బ్స్ అంటారు. పప్పులో పోపు మన పోపే. రెండోసారి వడ్డించుకుంటుంటే నాకు కళ్ళు చెమర్చాయి, మిరపకాయ మీదకు నెట్టేశాను.

తింటూ ఆవిడ వేసే ప్రశ్నల కోసం ఎదురుచూశాను. మా ఇంటి పైవాటా అద్దెకిచ్చేటప్పుడు నేను అడిగేవి నాకు తెలుసు కదా. మీరేవిట్లు, మాంసం వండుతారా, చుట్టాలు ఎక్కువ వస్తారా. ఆవిడ ఒకటి కూడా అడగలేదు. విజయ పేరు అడిగింది, పాప ఏ క్లాసో అడిగింది, ఇంకొంచెం పప్పు వేసింది.

వెనకిల్లు శుభ్రంగా ఉంది. నెలకు ఎనిమిదివందల రాండ్లు. అయినా నా గొడుగు ఊరుకుంటుందా. నీడ చూశాను, లెక్కకట్టాను, నిట్టూర్చాను. గుమ్మం పడమరకు ఉంది.

"ఇదొక్కటే లోపమండీ," అన్నాను. "ఈ తలుపు మూసేసి, అటువైపు గోడ కొట్టించి గుమ్మం పెట్టిస్తే సూర్యుడు సరిగ్గా గుమ్మంలోకి లేస్తాడు. ఖర్చు నేనే పెట్టుకుంటాను."

"సూర్యుడు ఇటే కదా లేచేది," అని ఆవిడ ఉన్న గుమ్మం వైపే చూపించింది. "సముద్రం అటుంది."

ఆవిడ అరవై ఏళ్ళుగా చూస్తున్న సూర్యుణ్ణి నేను దిద్దడం మొదలుపెట్టాను. అది భ్రమ అన్నాను. సముద్రమైనా సరే, వంపు తిరిగి ఉండొచ్చన్నాను. గోడ దగ్గరికి వెళ్ళి, ఇక్కడ మూడడుగులు పగలగొడితే చాలని వేళ్ళతో తట్టి చూపించాను.

ఆవిడ ముఖం మారిపోయింది. "మా గోడ ఎవరూ కొట్టరు," అంది. కొట్లోకి వెళ్ళిపోయింది.

నన్ను గేటు దాకా సాగనంపుతూ పాపయ్య అంకుల్ చెప్పాడు. సముద్రం దగ్గర వాళ్ళకు సొంతిల్లు ఉండేదట. ఆయన తండ్రీ, ఆయనా కలిసి కట్టారు. ఒకరోజు సర్కారు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది, ఆ పేట ఇకమీద తెల్లవాళ్ళదని. గడువు అయ్యాక యంత్రం వచ్చి గోడలు పడగొట్టింది. లచ్చమి ఆంటీ లారీలో సామాన్ల మధ్య కూర్చుని ఆ చప్పుడు వింటూ వచ్చిందట. "ఇది మా రెండో ఇల్లు," అన్నాడాయన. "ఆమె ఇయ్యదు. నువ్వు వేరే చూసుకో బాబూ."

నాకు తల కొట్టేసినట్టయింది. ఎవరు ఏ వీధిలో ఉండాలో ఆఫీసు రాసిచ్చిన దేశానికి వెళ్ళి, కాగితం ముక్క కూడా లేకుండా నేను వాళ్ళ గోడకు ముహూర్తం పెట్టాను. పైగా మా పైవాటా ముందు నిలబెట్టి నేను పంపించేసినవాళ్ళు గుర్తుకొచ్చారు. ఒక బ్యాంకు గుమాస్తా, పిల్లాణ్ణి ఎత్తుకున్న ఆయన భార్య. కులం అడిగిన నా ప్రశ్న వినగానే వాళ్ళు జవాబు చెప్పకుండానే మెట్లు దిగిపోయారు. గురివింద గింజకు తన నలుపు తెలియదంటారు, నాకు తెలియడానికి సముద్రం దాటాల్సి వచ్చింది.

పదోరోజంతా తిరిగినా ఏమీ దొరకలేదు. మిగిలినవి రెండే రోజులు. విజయకు ఏం చెప్పాలా అని మాటలు కూడబలుక్కోవడం మొదలుపెట్టాను.

పదకొండో రోజు

ఆదివారం. ఇంకేదైనా ఊళ్ళో ప్రయత్నిద్దామని పెందలాడే బస్సు కోసం చెరుకు తోట పక్కన నిలబడ్డాను. వచ్చాక మొదటిసారి మబ్బు లేదు. ఎదురుగా లచ్చమి ఆంటీ ఇంటి కప్పు, పెరట్లో వెనకింటి గుమ్మం కనిపిస్తున్నాయి. చూస్తుండగానే సూర్యుడు లేచాడు, నేను పడమర అని రాసిపెట్టుకున్న వైపు నుంచి. వెనకింటి గుమ్మం మీద ఎండ సూటిగా పడింది.

కొంతసేపు సూర్యుడే పొరబడ్డాడనుకున్నాను. ఆ తరవాత ఎప్పుడో బీయస్సీలో చదివిన పాఠం మెల్లగా కదిలింది. భూమధ్యరేఖకు అంత దిగువన మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరంగా ఉంటాడు. నీడ దక్షిణానికి పడుతుంది. పదకొండు రోజులుగా నేను నాలుగు దిక్కుల్నీ తలకిందులుగా పట్టుకుని తిరుగుతున్నాను. మిసెస్ పిళ్ళై నిజమే చెప్పింది. జులూ పెద్దాయన నిజమే చూపించాడు. ఉమ్‌హ్లాలి ఇల్లు కుబేరుడి వైపే చూస్తోంది. ఇక్కడ లచ్చమి ఆంటీ వెనకిల్లు తూర్పు గుమ్మం, ఆగ్నేయంలో వంటిల్లు, నా శాస్త్రం ప్రకారమే వంక పెట్టడానికి లేని ఇల్లు. దాన్నే నేను పగలగొట్టమన్నాను.

బస్సు వచ్చింది. ఎక్కలేదు. నేరుగా టీ కొట్టుకు వెళ్ళాను.

ఆవిడ వడలు తీస్తోంది, అంకుల్ పేపరు చదువుతున్నాడు. నేను దాచుకోకుండా అంతా చెప్పాను, నీడ సంగతి, గొడుగు సంగతి, సుద్దముక్క పాఠం సంగతి. అంకుల్ పేపరు దించి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. నా దిక్సూచి అడిగి తీసుకుని, చూసి, ఇది భూగోళం పైసగానికి తూకం వేసి చేసింది, కిందిసగంలో సూది ఒరుగుతుంది, పాడవలేదు అన్నాడు. ఫిట్టరు కదా. ఆంటీ మాత్రం నవ్వలేదు.

"ఆంటీ, దిక్కు పొరబడ్డందుకు కాదు," అన్నాను. "గోడ మాట అన్నందుకు క్షమించండి. మా ఊళ్ళో నేను ఇల్లుగలవాణ్ణి. అద్దెకు వచ్చినవాళ్ళను తక్కువ చేసి మాట్లాడినవాణ్ణి. నాకు ఇల్లు అడగడం చేతకాలేదు."

ఆవిడ వడలు జల్లెడలో వేసి, చేతులు తుడుచుకుంది. "యెర్రి నాయనా," అంది. అవ్వ దగ్గర నేర్చుకున్న తిట్లలో అది మెత్తటిది అయి ఉండాలి. తరవాత, "నీతో మాట అయిపోయింది. నీ పెళ్ళాంకి ఫోన్ చెయ్," అంది.

కొట్లోని ఫోన్‌లోనే కలిపాను. మన దగ్గర అప్పుడు పొద్దున పది దాటింది. విజయ గొంతు వినగానే నేను తూర్పు గుమ్మం, ఆగ్నేయం అని మొదలుపెట్టాను. అటునుంచి "ఆవిడ పక్కనే ఉన్నారా? ఫోన్ ఆవిడకివ్వండి," అని వినిపించింది. ఇచ్చాను. ఆంటీ రిసీవరు చెవికి పెట్టుకుని, రెండో చేత్తో నన్ను బయటికి పొమ్మని సైగ చేసింది.

నేనూ అంకులూ అరుగు మీద కూర్చున్నాం. లోపలినుంచి సగం ఇంగ్లీషు, సగం తెలుగు ముక్కలు. ఒకసారి ఆంటీ పెద్దగా నవ్వింది. ఇస్తుందో, ఇవ్వదో తెలియడం లేదు. ఏ ఇంటర్వ్యూకూ నేను అంత భయపడలేదు. అంకుల్ నా చేతిలో ఒక వడ పెట్టాడు, తినలేకపోయాను.

ఆంటీ బయటికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"వస్తాది," అంది.

చేతిలోని వడ అరుగు మీద పెట్టి లేచాను. అయినా బుద్ధి పోనిచ్చుకోలేక, "ఇల్లు ఏ ముఖమని అడిగిందా?" అన్నాను.

"లేదు."

"వంటిల్లు? అద్దె? నీళ్ళు?"

"ఏదీ లేదు. నువ్వు పొద్దుగాల మిల్లుకి పోతావు, పిల్ల స్కూల్‌కి పోతాది. పగటేల నాతో మాట్లాడేవాళ్ళు ఎవురన్నా ఉన్నారా అని అడిగింది," అంది లచ్చమి ఆంటీ. "నేను ఉన్నా అన్నా."

పదకొండు రోజుల్లో తొమ్మిదిళ్ళు చూశాను. ఆ ప్రశ్న ఒక్క గుమ్మంలోనూ నాకు తట్టలేదు. పదిహేనేళ్ళు పిల్లల మధ్య పాఠాలు చెప్పిన మనిషి ఆ పరాయి ఊళ్ళో పగలంతా ఏం చేస్తుందో నేను ఆలోచించనే లేదు. సిగ్గేసింది. సిగ్గు పడుతూనే, అలవాటు ప్రకారం తాళంచెవి కోసం చెయ్యి చాపాను.

ఆంటీ తాళంచెవి కొంగున ముడేసుకుంది. "నీకు కాదు," అంది. "ఆమె వచ్చినాక ఆమెకి ఇస్తా."